మచ్చ సాక్షిగా

మంగళవారం పొద్దున మా ఆయన అద్దం ముందు చొక్కా విప్పి, "రాత్రి దోమలు బాగా కుట్టాయే" అన్నారు. సాయంత్రానికి డాక్టరు ఆ దోమల పేరు చికెన్‌పాక్స్ అని తేల్చారు. బొబ్బలన్నీ ఎండి పక్కు కట్టేదాకా గది దాటకూడదు. రోజుకి ఐదుసార్లు మాత్ర. మూడేళ్ల పాపకి టీకా ఒక డోసే పడింది, రెండోది ఇంకా బాకీ. సంగతి చెప్పగానే క్రెష్ వాళ్లు 21 రోజులు పాపని పంపొద్దన్నారు. ఫీజు మాత్రం పంపొచ్చట.

నాకా, రోజంతా ఆన్‌లైన్ మీటింగులు. ఇంటికొచ్చి పాపని చూసుకునే ఆయా కావాలి. ఒక ఏజెన్సీ ఫారం తెరిచాను. 'ఇంట్లో ఎవరికైనా అంటువ్యాధి ఉందా?' అన్నచోట 'అవును' నొక్కితే, 'మా సేవలు ఎంచుకున్నందుకు ధన్యవాదాలు' అని మొదటి పేజీకి పోతోంది. మూడుసార్లు పోయింది. ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి చాలా ప్రశాంతంగా, "'కాదు' అని పెట్టెయ్యండి మేడం, ఆయా వచ్చాక నోటితో చెప్పండి" అంది. మరి ఆ ప్రశ్న ఎవరి కోసం పెట్టినట్టు? అడిగాను. "సిస్టమ్‌లో ఉంది మేడం" అంది.

సరే, సిస్టమ్‌కి లేని బుద్ధి నేను చూపించాలనుకున్నాను. రెండు రాత్రులు కూర్చుని చదివాను. వచ్చే ఆయాకి ఇదివరకే చికెన్‌పాక్స్ వచ్చి ఉండాలి, లేదంటే రెండు డోసుల టీకా పడి ఉండాలి. కడుపుతో ఉండకూడదు. పాపకి ఇప్పటికే అంటుకుని ఉంటే బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పట్టొచ్చు కాబట్టి, కనీసం మూడు వారాలు ఆగే మనిషి కావాలి. ఇలా మొత్తం 12 ప్రశ్నలు డైరీలో రాసుకున్నాను. డైరీలో రాయనిది ఒక్కటే, నా సంగతి. రాయడానికేముంది? నాకు చిన్నప్పుడే వచ్చేసింది. ఎడమ భుజం మీద మచ్చ కూడా ఉంది. ఆ ధైర్యంతోనే మంగళవారం నుంచీ రోజుకి ఐదుసార్లు వీరనారిలా గదిలోకి వెళ్లి మాత్ర ఇచ్చి, వీపంతా కాలమైన్ లోషన్ పూసి వస్తున్నాను.

శుక్రవారం ఆయా వచ్చింది. యాభై దాటిన మనిషి, కళ్లజోడు, చేతిలో గొడుగు. గుమ్మంలోనే నిలబెట్టి మొదటి ప్రశ్న వేశాను. "ఏడో ఏట వచ్చిందమ్మా" అని కనుబొమ్మ పైన పెన్సిల్ మొనతో నొక్కినట్టున్న చిన్న గుంట చూపించింది. టిక్కు పెట్టుకున్నాను. రెండో ప్రశ్న మొదలుపెట్టేలోపు ఆవిడే అడిగింది.

"మరి మీకో?"

"ఆహా, ఎప్పుడో!" అని చెయ్యి పైకి మడవబోయాను. ఇక్కడే అసలు కష్టం. మీటింగు కోసమని పొడుగు చేతుల బిగుతు కుర్తా వేసుకుని ఉన్నాను. అది మోచేతి దగ్గర ఆగిపోయింది. 'ఆ, ఉందిలెండి' అని వదిలెయ్యొచ్చు. కానీ ఆవిడ తన సాక్ష్యం చూపించాక నేను చూపించకపోతే ఏం మర్యాద? మెడ వైపు నుంచి లాగాను. భుజం సగం బయటికొచ్చి, తల సగం లోపలికి పోయింది. పాప ఇదేదో ఆట అనుకుని చెయ్యి పట్టుకుని వేలాడింది. ఆయా గొడుగు గోడకి ఆనించి, "ఉండండమ్మా, నేను లాగుతా" అని సాయానికొచ్చింది. ఎక్కడో ఒక కుట్టు టప్ అంది. మచ్చ బయటపడింది.

నాకు ఈ మచ్చంటే ఎంత అభిమానమో చెప్పాలి. స్కూల్లో చూపించాను. హాస్టల్లో చూపించాను. అప్పుడు జ్వరం ఎంత వచ్చిందో, దురదకి రాత్రంతా ఎలా ఏడ్చానో వర్ణించి మరీ చెప్పేదాన్ని. ఆ దురద నాకు ఇప్పటికీ గుర్తు.

ఆయా కళ్లజోడు సర్దుకుని వంగింది. వేలితో ఒకసారి నొక్కి చూసింది. "అమ్మా," అంది మెల్లగా, బాధపెట్టకూడదన్నట్టు, "ఇది బీసీజీ."

"అంటే?"

"పుట్టగానే వేసే టీకా మచ్చమ్మా, క్షయ రాకుండా. ఇదిగో, నాకూ ఉంది." ఆవిడ జాకెట్టు చెయ్యి సులువుగా పైకెళ్లింది. అదే భుజం, అదే చోటు, అదే మచ్చ. పాప "నాక్కూడా!" అని గౌను జార్చింది. దానికీ ఉంది. గుమ్మంలో ముగ్గురం ఎడమ భుజాలు బయటపెట్టుకుని నిలబడ్డాం. మూసిన గది తలుపు వెనకనుంచి, "నాకూ ఉంది కదే!" అని ఆయన గొంతు.

అవును, ఉంది. ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన భుజం మీద ఆ మచ్చ చూస్తూనే ఉన్నాను. ఆయనకీ చిన్నప్పుడే వచ్చి తగ్గిందనుకున్నాను. మరి ఒకసారి వచ్చి తగ్గిన మనిషికి మంగళవారం మళ్లీ ఎలా వచ్చిందని 12 ప్రశ్నలు రాసిన ఈ బుర్రకి ఒక్కసారి కూడా తట్టలేదు.

అమ్మకి ఫోన్ చేశాను. "నీకెక్కడొచ్చిందే? వచ్చింది మీ అన్నయ్యకి. వాడు దురదని రాత్రంతా ఒకటే ఏడుపు. నిన్ను పిన్ని వాళ్లింట్లో ఉంచాం. ఒంటి మీద ఒక్క పొక్కు లేవనివ్వలేదు మీ పిన్ని, అంత జాగ్రత్తగా చూసుకుంది" అంది, మెచ్చుకోలుగా.

డాక్టరుకి చేశాను. బొబ్బలు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుందట. టీకా మూడు రోజుల్లో, మహా అయితే ఐదు రోజుల్లో వేయించుకుంటే ఉపయోగమట. ఆదివారం నుంచి వేళ్లు మడుస్తూ కూర్చున్నాను. "ఇంతకీ మీకు వచ్చిందని ఎలా అనుకున్నారు?" అని ఆయన ఆరా. ఫోన్ సిగ్నల్ పోయినట్టు నటించాను.

అప్పుడు ఆయా అంది: "నన్ను అయ్యగారి గదికి పెట్టి, పాపని మీరు చూసుకోవాల్సిందమ్మా." ఇంత సులువైన మాట నా డైరీలో ఏ పేజీలోనూ లేదు. ఏజెన్సీకి చెబితే అదే ప్రశాంతమైన అమ్మాయి, "చైల్డ్ కేర్ ఆయా పేషెంట్ గదిలోకి వెళ్లకూడదు మేడం. పేషెంట్ కేర్‌కి వేరే ఫారం" అంది. అంటే ఇంట్లో వచ్చి తగ్గిన ఒకే ఒక్క మనిషి ఆ గదిలోకి వెళ్లకూడదు. రానిదాన్ని నేను వెళ్లొచ్చు.

వేరే ఫారం తెరిచాను. రోగి వయసు దగ్గర 60 నుంచి మొదలైంది. మా ఆయనకి 38. మళ్లీ ఫోన్ చేశాను.

"60 పెట్టెయ్యండి మేడం, ఆయా వచ్చాక నోటితో చెప్పండి."

పెట్టేశాను. ఫోన్ నంబర్ ఆయనదిచ్చాను. ఐదు నిమిషాల్లో తలుపు వెనకనుంచి అరుపు: "సీనియర్ సిటిజన్ డిస్కౌంట్ అని మెసేజొచ్చింది, ఏం చేశావే?"