భవిష్యత్తుకు బయానా

మా బీరువా అడుగున ఒక సైన్స్ ఫిక్షన్ గ్రంథం ఉంది. పదహారు పేజీలు, వేలు పెడితే జారిపోయేంత నున్నటి కాగితం, పేజీపేజీకీ రంగుల బొమ్మలు. రచయిత పేరు మాత్రం లేదు. 2016లో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఫ్లాటుకు బయానా చెక్కు రాసిచ్చిన రోజున, ఫిల్టర్ కాఫీతోపాటు దాన్ని నా చేతిలో పెట్టారు. వాళ్ళు దాన్ని బ్రోచరన్నారు.

అందులో మా రోడ్డు మీద ఒకే ఒక్క కారు పోతుంటుంది. గుంత లేదు, ఆటో లేదు, ఆవు లేదు, హెల్మెట్టు మోచేతికి తగిలించుకుని బండి తోలే మనిషి లేడు. పచ్చిక మీద ఒక దొర, దొరసాని బొచ్చుకుక్కను తిప్పుతుంటారు. మా బ్లాకులో సగానికి సగం కడప, చిత్తూరు, అనంతపురం, గుంటూరు వాళ్ళమే. ఆ దొరది ఏ ఫ్లాటో ఇన్నేళ్ళుగా విచారిస్తున్నా తేలలేదు. "మెట్రోకు అయిదు నిమిషాలు" అని ఇంకో పేజీలో ఉంది. అది అబద్ధమని నేననను. మెట్రో స్తంభానికి నడిస్తే నాలుగున్నర నిమిషాలే. ఆఖరి పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో "చిత్రకారుడి ఊహ మాత్రమే" అని వేశారు.

తెలుగులో సైన్స్ ఫిక్షన్ తక్కువని బాధపడే సాహితీమిత్రులు దయచేసి ఈ గ్రంథాన్ని పరిశీలించాలి. మనవాళ్ళు రాస్తూనే ఉన్నారు, నవలలుగా అచ్చు వేయడం లేదంతే. బ్రోచర్లుగా, మేనిఫెస్టోలుగా, విజన్ డాక్యుమెంట్లుగా, కంపెనీ పెద్దల వార్షికోపన్యాసాలుగా వేస్తున్నారు. వీటన్నిటినీ శ్రద్ధగా చదివాక నాకొక సంగతి బోధపడింది. భవిష్యత్తులో ఏముంటుందో ఎవరైనా చెప్పగలరు. దాన్ని ఎన్నేళ్ళ దూరంలో పెట్టాలన్నదే అసలు విద్య.

ఈ విద్యలో మొదట దెబ్బతిన్నది సినిమావాళ్ళు. 1982లో వచ్చిన 'బ్లేడ్ రన్నర్' 2019 నవంబరు నాటికి లాస్ ఏంజెలెస్‌లో కార్లు ఎగురుతుంటాయని చూపించింది. 2019 నవంబరు వచ్చింది. మా బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి దగ్గర కార్లు పాకుతున్నాయి. 1989 నాటి 'బ్యాక్ టు ద ఫ్యూచర్' రెండో భాగమైతే మరీ అమాయకంగా రోజుతో సహా చెప్పేసింది: 2015 అక్టోబరు 21. తారీఖు వేసి చెక్కు రాస్తే అది బౌన్సయ్యే రోజు కూడా అందరికీ తెలిసిపోతుందన్న ఇంగితం లేకపోయింది పాపం.

మన సింగీతం శ్రీనివాసరావుగారు లౌక్యం తెలిసినవారు. 'ఆదిత్య 369'లో కాలయంత్రాన్ని కృష్ణదేవరాయల దగ్గరికి తోలి, అక్కణ్ణుంచి 2504కు పంపారు. సినిమా వచ్చింది 1991లో. అయిదువందల పదమూడేళ్ళ దూరం! తప్పయితే నిలదీసి అడగడానికి ఎవడుంటాడు? ఆ సినిమా జూలై 18న విడుదలైంది. సరిగ్గా ఆరు రోజులకు, జూలై 24న, మన పీవీగారి ప్రభుత్వంలో మన్మోహన్ సింగ్‌గారు ఆ ఆర్థిక సంస్కరణల బడ్జెట్ పెట్టారు. మా ప్రొద్దుటూరులో సినిమాకు జనం ఎగబడ్డారు, బడ్జెట్‌ను పట్టించుకున్న పాపాన పోలేదు. టికెట్టు కొని చూసిన భవిష్యత్తు ఇంకా నాలుగున్నర శతాబ్దాలకు పైగా దూరంలోనే ఉంది. చూడని భవిష్యత్తు మాత్రం మమ్మల్ని మూటాముల్లెతో సహా తెచ్చి బెంగళూరు మడివాళలో ముగ్గురికొక గదిలో పడేసింది. పీవీగారు మితభాషి. బ్రోచర్ వేయించలేదు.

రాజకీయానికీ టెక్నాలజీకీ అయిదువందలేళ్ళ బేరం కుదరదు. ఓటరుకూ, డబ్బు పెట్టేవాడికీ అంత ఓపిక ఉండదు. అలాగని అయిదేళ్ళంటే పీకల మీదికొస్తుంది. అందుకని పెద్దలు ఇరవై ఏళ్ళు ఖాయం చేశారు. చెప్పినవాడు రిటైరయ్యేంత దూరం, విన్నవాడు బతికుంటానని ఆశపడేంత దగ్గర. కృత్రిమ మేధకు ఆద్యుల్లో ఒకరైన హెర్బర్ట్ సైమన్ 1965లో, మనిషి చేయగల ఏ పనైనా ఇరవై ఏళ్ళలో యంత్రాలు చేసేస్తాయని రాశారు. అంటే 1985. ఆ ఏడు మా వీధిలో యంత్రమంటే పిండిమర ఒక్కటే, అదీ కరెంటుంటే. మధ్యలో 1978లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. అర్థశాస్త్రానికి లెండి, జోస్యానికి కాదు.

1999లో చంద్రబాబుగారి ప్రభుత్వం మెకిన్సీ అనే సలహాల కంపెనీ సాయంతో విజన్ 2020 తెచ్చింది. లెక్క చూసుకోండి, ఇరవై ఒకటి. న్యాయంగా మాట్లాడాలంటే సైబర్ టవర్స్ 1998 నుంచి నిలబడే ఉంది, దాన్ని చిత్రకారుడి ఊహ అనలేం. కానీ 2020 వచ్చేసరికి ఏ రాష్ట్రానికి విజన్ రాశారో ఆ రాష్ట్రమే రెండైంది, రాయించినవారు ప్రతిపక్షంలో ఉన్నారు, మార్చి నెలాఖరు నుంచి యావత్ప్రజానీకం ఇంట్లో కూర్చుని వడియాలు పెడుతోంది. 2024 డిసెంబరులో స్వర్ణాంధ్ర 2047 వచ్చింది. ఢిల్లీ నుంచి వికసిత భారత్, అదీ 2047కే. నాకప్పటికి డెబ్బై దాటతాయి. ఏమైందని అడగడానికి వెళ్ళాలన్నా మోకాళ్ళు సహకరించాలి.

ఇందాకటి 2015 అక్టోబరు 21 గుర్తుంది కదా. ఆ మర్నాడే, విజయదశమి నాడు, ఉద్దండరాయునిపాలెంలో అమరావతికి శంకుస్థాపన జరిగింది. హాలీవుడ్ భవిష్యత్తుకు గడువు తీరిన మర్నాటికి మన భవిష్యత్తు మొదలైందన్నమాట. దీన్ని కాకతాళీయమనే నాస్తికులతో నేను వాదించను. 2017లో డిజైన్ల విషయంలో రాజమౌళిగారి సలహా కూడా తీసుకున్నారు. కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. లేని ఊరిని ఉన్నట్టు చూపించడంలో ఈ దేశంలో ఆయనకంటే అనుభవం ఎవరికుంది? తర్వాతొచ్చిన ప్రభుత్వం ఒక రాజధానిని మూడుగా పంచబోయింది, ఆ తర్వాతిది మూడింటినీ మళ్ళీ ఒకటిగా కుట్టి, 2025 మేలో పనులకు ఇంకోసారి కొబ్బరికాయ కొట్టించింది. మా మూడో అంతస్తు గుంటూరాయన మొదటి కొబ్బరికాయ నాటి నుంచి అక్కడి గజం ధరను పొద్దున్నే బీపీతోపాటు చూసుకుంటారు. రెండూ ఒకే నోటుపుస్తకంలో రాస్తారు.

ఈ వ్యవహారమంతా ఇంత సాఫీగా సాగిపోవడానికి మన వ్యాకరణం చేసిన మేలు అంతా ఇంతా కాదు. గ్రాంథికంలో 'వచ్చెదరు' వేరు, 'వత్తురు' వేరు. మొదటిది రాబోయే సంగతి, రెండోది ఎప్పుడూ జరిగే సంగతి. వ్యావహారికంలో రెండూ 'వస్తారు'లో కలిసిపోయాయి. గిడుగువారిని తప్పుబట్టేంతటివాణ్ణి కాను. కానీ నాయకుడు వేదికెక్కి "నీళ్ళొస్తాయి" అన్నాడంటే, రోజూ వస్తుంటాయనా, ఎప్పుడో వస్తాయనా? కోర్టుకెక్కితే వ్యాకరణం ఆయన తరఫునే సాక్ష్యం చెబుతుంది.

యంత్రాలకు ఈ మర్మం ఇంకా పట్టుబడలేదు. మా ఆఫీసులో మీటింగులు వినడానికి ఇప్పుడు కృత్రిమ మేధ కూర్చుంటోంది. మొన్న ఆరుగురం ఉండాల్సిన మీటింగుకు నలుగురు తమ బదులు యంత్రాలను పంపి, తాము రింగ్ రోడ్డు మీద ఇరుక్కుపోయారు. మిగిలింది నేనూ, మా విజయవాడ మేనేజరూ. ఆయన ఒక పని చెప్పాడు. "చూద్దాం సార్" అన్నాను. తెలుగువాడు తెలుగువాడికి చెప్పిన 'చూద్దాం' అది. ఆయనకు అర్థమైంది, నాకు అర్థమైంది, ఇద్దరం ప్రశాంతంగా విడిపోయాం. సాయంత్రానికి నాలుగు యంత్రాలూ ఏకగ్రీవంగా దాన్ని నా పేరిట పనుల జాబితాలో వేసి, శుక్రవారం గడువు పెట్టి, వైస్ ప్రెసిడెంటుకు పంపించాయి. కృత్రిమ మేధ ఉద్యోగాలు ఊడగొడుతుందని అందరూ బెదిరించారు. మన చేత పని చేయిస్తుందని ఒక్కరూ హెచ్చరించలేదు.

ఇక అన్నం పెట్టిన ఊరి మాట. 2025 ఫిబ్రవరిలో ఉప ముఖ్యమంత్రి హోదాలో డి.కె. శివకుమార్‌గారు, రెండు మూడేళ్ళలో బెంగళూరును మార్చడం దేవుడివల్ల కూడా కాదన్నారు. ఊరంతా మండిపడింది. నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాను. భవిష్యత్తు గురించి గడువుతో సహా ఒక నాయకుడు చెప్పిన మాట పొల్లుపోకుండా నిజమవుతుండగా చూడటం నాకిదే మొదలు.

అదే ఏడు ఆగస్టులో ఆర్వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా మెట్రో పసుపు లైను తెరిచారు. డ్రైవరు అక్కర్లేని రైళ్ళు. మొదట్లో మూడే రైళ్ళు, ఇరవై అయిదు నిమిషాలకొకటి. ఊరినుంచి వచ్చిన మా అమ్మను ఎక్కించాను.

"ఎద్దుల్లేని బండ్లొస్తాయని బ్రహ్మంగారు అప్పుడే చెప్పలేదంట్రా?" అంది.

"ఎద్దులే కాదుమా, ఇప్పుడు తోలేవాడు కూడా అక్కర్లేదు."

అమ్మ ముందుకు నడిచి తొంగి చూసింది. "మరి ఆ పిల్లోడెవరు?"

నమ్మకం కుదిరేదాకా డ్రైవరు లేని రైలును డ్రైవరే నడుపుతాడని అమ్మకు వివరించేలోపు జయదేవ ఆస్పత్రి స్టేషను వచ్చేసింది. బ్రహ్మంగారి పద్ధతిలో ఇలాంటి చిక్కులుండవు. తారీఖు వేయరు. సంగతి జరిగాక వెతికితే కాలజ్ఞానంలో దొరుకుతుంది. కరోనా వచ్చీరాగానే 'కోరంకి జబ్బు' పద్యం మా వాట్సాప్ గ్రూపులన్నిట్లోనూ దొరికింది. విజన్ రాయించినవాళ్ళు మెకిన్సీ దాకా పోకుండా బ్రహ్మంగారి మఠమున్న కందిమల్లాయపల్లెలో దిగి ఉంటే ఫీజు కూడా మిగిలేది.

'కల్కి 2898 ఏ.డి.' 2024 జూన్‌లో వచ్చింది. ఎనిమిదివందల డెబ్బై నాలుగేళ్ళ దూరం, పాత రికార్డు బద్దలు. దానికీ సింగీతంవారే మార్గదర్శి, గమనించారా? మారతహళ్ళిలో చూశాం. కాశీలో జనం నీళ్ళకు కటకటలాడుతుంటారు. పైన తలకిందుల పిరమిడ్‌లాంటి కాంప్లెక్స్. నీళ్ళూ పచ్చదనం అన్నీ దాని లోపలే. లోపలికి పోవాలంటే పది లక్షల యూనిట్లు కూడబెట్టాలి. ఇంటర్వెల్‌లో మా ఆవిడ పాప్‌కార్న్ నములుతూ, "2898 ఏంటండీ, మొన్న మార్చే కదా ఇది" అంది.

నిజమే. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, మంచినీళ్ళతో కారు కడిగితే అయిదు వేలు జరిమానా అన్నారు. 12 వేల లీటర్ల ట్యాంకరుకు అయిదు కిలోమీటర్ల లోపయితే వెయ్యి రూపాయలని ప్రభుత్వమే ధర కట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా అపార్ట్‌మెంటు సంఘం సంపులో ఒక సెన్సర్ పెట్టించింది. నీళ్ళెంత ఉన్నాయో ఫోనులో గీతలా కనబడుతుంది. ట్యాంకరు డ్రైవరుది మదనపల్లె. పైపు సంపులోకి వదిలి, బీడీ తీయబోయి, మా సెక్రటరీగారిని చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. గోడకున్న తెల్ల డబ్బా మీద అతని కన్ను పడింది.

"ఏంది సార్ అది?"

"నీళ్ళెంత ఉన్నాయో చెబుతుంది."

"ఎంత పెట్టినారు?"

"ఎనభై వేలు."

"లేవని చెప్పేదానికా?"

సెక్రటరీగారు నెల్లూరువారు, మాటకు మాట అప్పగించడంలో తీసిపోయేవారు కారు. ఆ పూట మాత్రం ఫోను వైపే చూస్తూ ఉండిపోయారు. ఫోనులో నీలం గీత మెల్లగా పైకి లేస్తోంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావయ్యా?" అని నేనే అడిగాను.

"పొద్దున్నే ఆరుకొస్తా సార్."

వ్యాకరణం ప్రకారం దానికి రెండర్థాలు. పొద్దున ఆరూ పదికి గేటు దగ్గర హారన్ మోగింది. నేను కిందికి దిగేసరికి పైపు విప్పుతున్నాడు. సిల్క్ బోర్డు దగ్గర లారీ ఒకటి అడ్డం తిరిగిందంట.

"పది నిమిషాలు లేటయింది, ఏమనుకోవాకండి సార్" అన్నాడు.