నేరం చేస్తే 123

పోటీ పరీక్షలకు ఇంగ్లీషు నేర్పే దిల్‌సుఖ్‌నగర్, నంద్యాల తరగతి గదుల్లో ఒక మహత్తర ధర్మశాస్త్రం వర్ధిల్లుతోంది. దాని పేరు 231 సూత్రం; అందులో ‘ఐ’ ఒకటి, ‘యూ’ రెండు, ‘హీ’ మూడు. మంచి మాట చెప్పేటప్పుడు సర్వనామాలు ‘యూ, హీ అండ్ ఐ’ అన్న వరుసలోనే రావాలి. తప్పు ఒప్పుకునేటప్పుడు మాత్రం వరుస తిరగబడి ‘ఐ, యూ అండ్ హీ’ అవుతుంది, అంటే 123. అభ్యర్థి ముందుగా న్యాయమూర్తి అయి, వాక్యంలో జరిగింది పుణ్యమో పాపమో తేల్చి, ఆ తరువాతే ‘ఐ’ని ఎక్కడ కూర్చోబెట్టాలో నిర్ణయించుకోవాలి. ‘వాడు’ ప్రథమ పురుష అని తెలుగు వాచకంలో చదువుకుని వచ్చిన పిల్లవాడికి ఇక్కడ ఒకటో నంబరు ‘నేను’ అనగానే తల సగం తిరుగుతుంది. మిగతా సగం సంగతి సూత్రం చూసుకుంటుంది.

ఈ శాస్త్రం నిజంగా అమలైతే నేర పరిశోధన ఎంత సుఖంగా సాగుతుందో ఊహించండి. అర్ధరాత్రి బంగారం కొట్టు షట్టరు వంచుతూ దొరికిన ముగ్గురిని స్టేషనులో నిలబెట్టారు. సి.ఐ. గారు లాఠీ తాకనైనా తాకకముందే ముఠా నాయకుడు గొంతు సవరించుకుని, ‘ఐ, యూ అండ్ హీ’ కలిసి ఈ పని చేశామని శాస్త్రోక్తంగా విన్నవించుకుంటాడు. ఎదురుగా ఉన్న ‘యూ’ తానే కనుక సి.ఐ. గారు ఉలిక్కిపడతారు. వ్యాకరణదోషం ఎక్కడా కనబడనందువల్ల రైటరు ఆయన పేరును రెండో ముద్దాయిగా రాసుకుంటాడు. ఆ వరుసలో తనకు చోటు లేదని గ్రహించిన మూడో దొంగ, అందరికీ నమస్కారం పెట్టి ఇంటికి వెళ్లిపోతాడు. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం సాక్ష్యంగా చెల్లదని చట్టం అంటుంది గానీ, సూత్రం ముందు చట్టమెంత? నాయకుడు కోర్టుకు వచ్చేసరికి తెలివి తెచ్చుకుని 231 వరుసలో మాట్లాడతాడు. అది నేరాంగీకారం కాదు, సత్కార్య ప్రకటన అని వకీలు వాదిస్తాడు. ముద్దాయిలకు శాలువాలు కప్పి పంపుతారు.

ఇంతకీ ఇంగ్లీషు సొంత భాష అయినవాళ్లు ఏం చేస్తున్నారు? తలుపు తట్టి ‘ఇట్స్ మీ’ అంటున్నారు, ‘ఇట్ ఈజ్ ఐ’ అనడం లేదు. ఆడో మగో తెలియని ఒక్క మనిషిని ‘దే’ అనడం వాళ్లకు కొన్ని వందల ఏళ్ల అలవాటు. మన గైడు పుస్తకాలు మాత్రం ‘ఎవ్రీవన్’ కనబడితే చాలు, పక్కన ‘హిజ్’ పెట్టి ఆడపిల్లలందరినీ వాక్యం బయట నిలబెడుతున్నాయి.

కేంద్ర కొలువుల కోసం రాసే సి.జి.ఎల్. పరీక్ష మొదటి అంచెలో ప్రశ్నకు 2 మార్కులు. తప్పు రాస్తే అవి రాకపోగా 0.50 కోత. ఆ అర మార్కు భయాన్నే వీళ్లు అమ్ముకుంటున్నారు. తల్లి కూలి డబ్బు తెచ్చి కట్టిన పిల్లకు ఇంగ్లీషులో ఒక అర్జీ రాయడం నేర్పలేదు, పై అధికారి అన్యాయంగా మాట్లాడితే ఎదురు చెప్పడం నేర్పలేదు. నెలల తరబడి నేర్పింది ‘నేను’ అన్నవాడు ఎప్పుడు వెనక నిలబడాలో మాత్రమే. సిగ్గుండాలి.

తప్పు ఒప్పుకునేటప్పుడు ‘ఐ’ ముందుండాలని బోర్డు నిండా రాసే ఈ గురువుల ఫీజు రసీదును ఒకసారి తిప్పి చూడండి. ‘కట్టిన సొమ్ము వాపసు ఇవ్వబడదు’ అని ఉంటుంది. ఇవ్వనిది ఎవరో వెతకండి: ఒకటీ లేదు, రెండూ లేదు, మూడూ లేదు.