కొలవకుండానే కోతలా?

పేదల చేతికి నేరుగా డబ్బిస్తే వారి బతుకులు బాగుపడతాయా? ప్రభుత్వాలు దశాబ్దాలుగా అడుగుతున్న ప్రశ్నే. జవాబు వచ్చేదాకా ఆగే ఓపిక మాత్రం వాటికి లేదు. 'రుజువేదీ?' అని నిలదీసే నోళ్లే రుజువు సేకరణను నడిమధ్యలో ఆపేయిస్తున్నాయి. ఇంతకు మించిన కపటం ఇంకేముంటుంది!

కెనడాలోని ఆంటారియోలో 2017లో దాదాపు 4 వేల మందితో మూడేళ్ల కనీస ఆదాయ ప్రయోగం మొదలైంది. కొనసాగిస్తామని ఎన్నికల ముందు చెప్పిన పార్టీ, 2018లో గద్దెనెక్కిన కొద్ది వారాలకే దానికి మంగళం పాడింది. ఖర్చు ఎక్కువట, ఇది పరిష్కారం కాదట. ఏ లెక్క చూసి తేల్చారు? ప్రయోగం సగం కూడా నడవలేదు, అధికారిక మదింపు పూర్తికానే లేదు. అదే దేశంలోని మానిటోబాలో 1974లో మొదలైన 'మిన్‌కమ్' అనే కనీస ఆదాయ ప్రయోగం గతి మరీ అన్యాయం. డబ్బుల్లేవంటూ, సేకరించిన సమాచారాన్ని విశ్లేషించకుండానే పెట్టెలకెత్తి గోదాములో పడేశారు. దశాబ్దాల తర్వాత ఆర్థికవేత్త ఎవలిన్ ఫర్జే ఆరోగ్య బీమా రికార్డులు తిరగేస్తే, ఆ ప్రయోగం జరిగిన డాఫిన్ పట్టణవాసులు ఆసుపత్రిలో చేరడం, అలాంటి ఇతర ప్రజలతో పోలిస్తే, 8.5 శాతం తగ్గిందని తేలింది. ఆమె పూనుకోకపోతే అదీ 'రుజువు లేని' పథకాల జాబితాలోనే ఉండిపోయేది.

ప్రజాధనానికి లెక్క అడగడం తప్పు కాదు. పనిచేయని పథకాన్ని మూసేయవలసిందే. కానీ లెక్క తేలకుండా తీర్పు ఎలా చెబుతారు?

కొలిచినా కొలబద్ద ఒక్కటే: ఉద్యోగం దొరికిందా లేదా! ఫిన్లాండ్ 2017-18లో 2 వేల మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు ఇచ్చింది. మొదటి ఏడాది ఉపాధిలో తేడా లేదనగానే 'విఫలం' అన్న ముద్ర పడింది. ఒత్తిడి తగ్గిందన్న సర్వే మాట మరుగున పడింది. (ఆ సర్వేకు జవాబిచ్చినవారు తక్కువ. దాన్నీ ఆచితూచే తీసుకోవాలి.) పైగా ప్రయోగం నడుస్తుండగానే నిరుద్యోగ భృతి నిబంధనలు బిగించి, రెండో ఏడాది ఫలితంలో దేని వాటా ఎంతో తేల్చలేని చిక్కు తెచ్చిపెట్టింది ఆ ప్రభుత్వమే.

బతుకును కొలవాలంటే ఇల్లిల్లూ తిరగాలి. నెలాఖరున ఎన్ని పూటలు పస్తున్నారు? ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారు? జ్వరమొచ్చిన బిడ్డను ఎన్నో రోజున డాక్టరుకు చూపించారు? డబ్బు అందని ఇంట్లోనూ ఇవే అడగాలి, ఏడాది తర్వాత అవే తలుపులు మళ్లీ తట్టాలి. పంచిన కోట్లు, లబ్ధిదారుల సంఖ్య చదివి చప్పట్లు కొట్టించుకునే పాలకులకూ ఈ శ్రమ రుచించదు. ఆ శ్రమకు మెక్సికో ఓర్చింది: పేద కుటుంబాలకు నగదిచ్చే తన పథకాన్ని 1997లో 506 గ్రామాల్లో పరీక్షకు పెట్టింది. 320 గ్రామాలకు ముందు, 186 గ్రామాలకు తరువాత ఇచ్చి తేడా చూసింది. 2000లో అధికారం చేతులు మారినా పథకం నిలిచింది.

ఫలితం చేదుగానూ ఉండవచ్చు. అమెరికాలో పేద తల్లులకు నెలకు 333 డాలర్లిచ్చి చూస్తే, నాలుగేళ్ల వయసు పిల్లల ఎదుగుదల పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. డబ్బు పంపిణీని సమర్థించేవారు దాన్ని దాచకూడదు. అది కొలిచాక చెప్పిన మాట కనుక మేమూ తల వంచుతాం.

కోత పెట్టదలచుకున్న ఏలికలారా, ఇవ్వడం ఇష్టం లేదని సూటిగా చెప్పండి. రుజువు లేదన్న సాకు చాలించండి. అది లేకుండా చేసింది మీరే!