ఉపాసకుడి పద్దుల పుస్తకం

మంత్రోపాసన అనగానే జనానికి పుర్రె, శ్మశానం, అర్ధరాత్రి గుర్తొస్తాయి. పాపం, ఆ మహానుభావుడి రోజంతా ఎక్కాలతోనే గడుస్తుంది.

మంత్రం సిద్ధించడానికి నియమంగా చేసే జపదీక్షే పురశ్చరణ. దానిది అక్షరలక్ష లెక్క. మంత్రంలో ఎన్ని అక్షరాలుంటే అన్ని లక్షల జపం. తొమ్మిదక్షరాల నవార్ణ మంత్రం పట్టాడనుకోండి, జపం 9 లక్షలు. అందులో పదోవంతు హోమం, అంటే 90,000 ఆహుతులు. దాంట్లో పదోవంతు తర్పణం 9,000, అందులో పదోవంతు మార్జనం, అంటే నీళ్ళు చిలకరించుకోవడం 900, చివర్లో 90 మందికి భోజనం. మాలలో పూసలు 108 ఉన్నా జమ కట్టేది వందే. మిగతా ఎనిమిదీ పరధ్యానం కింద తరుగు. బంగారం కొట్లో కూడా ఇంత నిజాయితీగా తరుగు తీయరు.

రోజుకు 30 మాలలు తిప్పితే 3,000. మంత్రానికి నాలుగు సెకన్లు వేసుకున్నా మూడున్నర గంటల పైచిలుకు, అదీ 300 రోజులు. సంకల్పంలో చెప్పుకున్న సంఖ్య ఇవాళ తగ్గకూడదు, రేపు పెరగకూడదు. ఆదివారం లేదు, పండగ సెలవు అసలే లేదు. చూపుడువేలు పూసకు తగలరాదు. మాల మొదలూ చివరా కలిసేచోట ఉండే మేరుపూస దాటరాదు, అక్కడికి రాగానే మాల వెనక్కి తిప్పుకోవాలి. చెయ్యేమో గోముఖి సంచిలో ఉంటుంది, కాబట్టి మేరువు వచ్చిన సంగతి వేలికే తెలియాలి. తెల్లవారుజామున వేలు కూడా కునుకు తీస్తుంది. మేరువు దాటిపోతుంది, ఆ మాల లెక్కలోంచి పోతుంది. వేలికి తొడుక్కునే కౌంటర్ కొనుక్కున్నవాడిది ఇంకో అవస్థ: మీట రెండుసార్లు పడితే చెయ్యని జపం జమైపోతుంది. తుమ్మొచ్చినా ఆవలింతొచ్చినా ఆచమనం, నీళ్ళు అందకపోతే కనీసం కుడిచెవి ముట్టుకోవాలి. జలుబు చేసిన ఉపాసకుడి చెవి చూస్తే జాలేస్తుంది.

హోమం దగ్గరే అసలు చిక్కు. ఆహుతికి రెండు గ్రాముల నెయ్యి అనుకున్నా 180 కిలోలు. కిలో ఆరొందల చొప్పున లక్షా ఎనిమిది వేలు. పైగా మూడో అంతస్తు ఫ్లాటు, అద్దె ఇల్లు, కింద ఆస్తమా ఉన్న పెద్దాయన. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కోపం ఏ ఉగ్రదేవతకూ తీసిపోదు. ఇదంతా ముందే ఊహించినట్టుగా శాస్త్రం ఒక వెసులుబాటిచ్చింది: హోమం చేయలేనివాడు ఆ సంఖ్యకు రెట్టింపు జపం చేసుకోవచ్చు. అంటే ఇంకో 1,80,000, మరో 60 రోజులు. నెయ్యి మిగిలింది, మోకాళ్ళు పోయాయి.

ఇంతా అయ్యాక తలుపు తట్టినవాడు అడిగేదేమిటి? "గురువుగారూ, మావాడికి హెచ్ వన్ బీ లాటరీలో పేరొస్తుందంటారా?"

పక్క వీధి స్వామి జపమాల జోలికే పోడు. ఆయన పెట్టుబడి నాలుగు మందార పువ్వులు. రెక్కలు కత్తికి రెండు వైపులా బాగా రుద్ది ఆరబెడతాడు. ఆ కత్తితో నిమ్మకాయ కోస్తే పులుపు తగిలి రసం ఎర్రబడుతుంది. అదే చేతబడి నెత్తురు. రెండో కాయకు రంగు చాలదు, అందుకే తెలిసినవాడు ఒక్క కాయతో ఆపేస్తాడు. మనింట్లో దిష్టినీళ్ళు ఎర్రబడేదీ ఈ బాపతే, కాకపోతే అక్కడ పులుపు బదులు సున్నం, మందారం బదులు పసుపు. సైన్సు ప్రచారం చేసే జనవిజ్ఞాన వేదిక వాళ్ళు ఊరూరా తిరిగి ఇలాంటివి చేసి చూపిస్తుంటారు, అదీ ఉచితంగా. ఉచితం కాబట్టే ఎవరికీ గురి కుదరదు.

ఇక తెలంగాణ పల్లెల్లో బాణామతి, అంటే చేతబడి చేస్తున్నాడన్న అనుమానంతో మనిషిని కట్టేసి పళ్ళు ఊడబీకిన ఘటనలున్నాయి. పళ్ళు లేకపోతే త, ద, న లాంటి దంత్యాలు పలకవు, దంత్యాలు పలక్కపోతే మంత్రం పారదని ఊరి లెక్క. ఉచ్చారణ శాస్త్రం మీద ఇంత పట్టున్న ఊళ్ళో, దెబ్బలు తిన్నవాడికి మాత్రం ఒక్క బీజాక్షరం తెలిసుండదు. ఏ ఒంటరి ముసలాయనో, నాటుమందు ఇచ్చుకునేవాడో అయ్యుంటాడు. తొమ్మిది లక్షలు పూర్తిచేసిన ఉపాసకుడి జోలికి ఎవరూ పోరు. మంత్రగుప్తి పాటించే మనిషి కదా, ఆయన్ని అనుమానించాలన్నా ఆయనకు మంత్రం వచ్చని ముందు ఎవరికైనా తెలియాలి.