కుట్టేది ఎవరు?

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక చిన్న టైలరింగ్ షాపు బోర్డు చూశాను. ‘ఇచ్చట జాకెట్లు కుట్టబడును. చీరలకు ఫాల్, పీకో వేయబడును.’ లోపల మిషన్ ముందు ఒకావిడ కూర్చుని ఉంది. ఎన్నాళ్లు పడుతుందని అడిగితే, ‘రెండు రోజుల్లో కుట్టి ఇచ్చేస్తానన్నా’ అంది. ఆమె నోట్లో ఉన్న మనిషి ఆమె బోర్డు మీద లేదు.

ఈ ‘బడు’ వాక్యానికి మూలం ఇంగ్లీషొక్కటే అనను. సంస్కృతంలో కర్మణి ప్రయోగం సహజం, గ్రాంథికం దాన్ని అరువు తెచ్చుకుంది. ‘రామునిచేత రావణుడు చంపబడెను’ అని బళ్లో మార్చి రాయని వాళ్లుండరు. కానీ ఈరోజు దాన్ని నోటీసుల్లో, వార్తల్లో బతికిస్తున్నది మాత్రం ఇంగ్లీషు ప్యాసివ్ వాయిసే.

ఇంగ్లీషుకు అది నిజంగా అవసరం. కరిచిందెవరో, కరిపించుకున్నదెవరో ఆ భాషలో మాటల వరసే చెబుతుంది. కుక్క కాటు తిన్న మనిషితో వాక్యం మొదలుపెట్టాలంటే క్రియ రూపాన్నే మార్చాలి. ల్యాబ్ రికార్డులో ద్రావణాన్ని వేడి చేసింది ఏ విద్యార్థో ఎవరికీ అక్కర్లేదు, అక్కడా ప్యాసివ్ చక్కగా కుదురుతుంది. మనకు ఆ ఇబ్బంది లేదు. ‘సుబ్బయ్యను కుక్క కరిచింది’, ‘కుక్క సుబ్బయ్యను కరిచింది’. ఎటు తిప్పినా ఆ ‘ను’ కాపాడుతుంది.

చేసిందెవరో చెప్పక్కర్లేనప్పుడు కూడా మనకు దారులున్నాయి. ‘గుడి తలుపులు మూసేసినారు’ అంటాం మా చిత్తూరు వైపు. ఎవరు మూశారో చెప్పలేదు, అయినా మూసింది మనుషులేనని ఆ ‘నారు’ చెబుతుంది. ‘గ్లాసు పగిలింది’ అంటే పగలగొట్టిన వాళ్ల ఊసే రాదు. ఇన్ని ఉండగా, ‘2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పాటు చేయబడింది’ అని ఎందుకు రాయాలి? ‘ఏర్పడింది’ చాలు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాన్ని 1954లో ‘స్థాపించారు’, అంతే. కనబడు, భయపడు లాంటివి వేరు. అవి మన నోటి మాటలే, వాటి జోలికి పోనక్కర్లేదు.

ఇది వినసొంపు గొడవే అయితే నేనింత పట్టించుకునేవాణ్ని కాదు. పోయినేడాది మా అమ్మ పింఛను విషయమై ఒక ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ‘మీ దరఖాస్తు తిరస్కరించబడినది.’ చదివి వినిపిస్తే అమ్మ అడిగింది: ‘ఎవురు వద్దన్నారంట నాయనా?’ ఆ కాగితమంతా వెతికినా జవాబు లేదు. కారణమూ లేదు. ‘ఫలానా సర్టిఫికెట్ లేనందువల్ల మీ దరఖాస్తును తిరస్కరించాం’ అని రాసి ఉంటే, ఆ ‘ఆం’లో ఒక మనిషి ఉండేవారు. కింద హోదా కూడా రాసి ఉంటే అమ్మను నేరుగా వాళ్ల దగ్గరికే తీసుకెళ్లేవాణ్ని. ఎవరిని అడగాలో తెలియక ఆ రోజు మధ్యాహ్నం దాకా మూడు కిటికీల దగ్గర నిలబడ్డాం. మూడు చోట్లా ‘ఇక్కడ కాదు’ అన్నారు.