మే నెల జీతం ఏది?

టీచర్ కనిపించగానే "మీకేం సార్, రెండు నెలలు సెలవులు" అనడం మనకు అలవాటైపోయింది. ఆ మాట అనే ముందు ఆయన సర్కారు బడిలో చెప్తారా, ప్రైవేటులోనా అని ఒక్కసారి అడగండి. సర్కారు టీచర్‌కైతే బడి మూసినా జీతం ఆగదు. ప్రైవేటు టీచర్ సంగతి వేరు. ఏప్రిల్ 23న బడికి తాళం పడితే జూన్ 12న తెరుస్తారు, జూన్‌లో చేసిన పనికి జీతం జులైలో వస్తుంది, ఈలోపు ఏప్రిల్ జీతం కూడా "జూన్‌లో వచ్చి జాయిన్ అయ్యాక ఇస్తాం" అని ఆపిపెట్టే యాజమాన్యాలు హన్మకొండలో ఉన్నాయి, కరీంనగర్‌లో ఉన్నాయి, మంచిర్యాలలోనూ ఉన్నాయి. ఇంటి కిరాయి మాత్రం మే నెలకు సెలవు తీసుకోదు. రోజువారీ వడ్డీ అప్పులిచ్చే గిరిగిరి ఫైనాన్స్ వాడైతే వసూలుకు రోజూ సాయంత్రం వస్తాడు.

వేసవిలో నాలుగు రూపాయలు ఎట్లా సంపాదించుకోవాలో రాయండి అని మమ్మల్ని అడిగేవాళ్లలో ఎక్కువమంది వీళ్లే. రాస్తాం, కానీ ఊరికే సలహాలు చెప్పి వదిలేయడం మాకు ఇష్టం లేదు, చివర్లో యాజమాన్యాలతోనూ సర్కారుతోనూ మాట్లాడాల్సింది ఉంది.

ముందు పని సంగతి. అందరూ సమ్మర్ క్యాంపు అంటారు, డ్రాయింగ్, డ్యాన్స్, అబాకస్, వేదిక్ మ్యాథ్స్. వరంగల్ నగరంలో వీటికి గిరాకీ ఉన్నమాట నిజమేగానీ కాలనీకి మూడు క్యాంపులయ్యాయి, పైగా హాలు కిరాయి, ఫ్లెక్సీలు, పిల్లలకు టీషర్టులు అంటూ చేతిలోంచి ముందే పెట్టుబడి పోతుంది. మా లెక్కలో అంతకంటే నికరమైన పని సప్లిమెంటరీ ట్యూషన్. ఇంటర్ ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి, తప్పినవాళ్లు మళ్లీ రాసే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ మే నెలలో మొదలవుతుంది. పదో తరగతి ఫలితాలు ఏప్రిల్ ఆఖర్లో, సప్లిమెంటరీ జూన్ మొదటి వారంలో. అంటే తప్పిన పిల్లాడికి ఉన్నది ఇంచుమించు నెల రోజులు, ఇంట్లో తల్లిదండ్రులకు టెన్షన్, వాడికి అవమానం, పెద్ద కాలేజీలకేమో అప్పటికే కొత్త అడ్మిషన్ల సందడిలో వీడిని పట్టించుకునే తీరిక ఉండదు. ఇక్కడ టీచర్ అవసరం నిజంగా ఉంది.

ఈ పని ఎట్లా చేయాలో తెలిసినవాళ్లు చేసేది చూస్తే ముచ్చటేస్తుంది. ఇంటర్ మ్యాథ్స్ పేపరు 75 మార్కులకు, గట్టెక్కడానికి 26 చాలు. మొత్తం సిలబస్ మళ్లీ మొదటినుంచి చెప్పడానికి కూర్చుంటే టైమూ చాలదు, పిల్లాడూ నిలవడు. అందుకని తప్పిన ఐదారుగురిని ఒక బ్యాచ్ చేసి, పొద్దున ఆరింటికే చాప పరిచి, ఎండ ముదరకముందే ఎనిమిదిన్నరకల్లా ముగించేస్తారు. మొదటి రోజు పాఠం చెప్పరు, పాత పేపరు ఇచ్చి వాడికి ఏం వచ్చో రాయమంటారు. తర్వాత మ్యాట్రిసెస్ లాంటి, ప్రతిసారీ ఏడు మార్కుల ప్రశ్న పడే అధ్యాయం ఒకటి పట్టుకుని, లెక్క రాకపోయినా స్టెప్పులు ఎక్కడిదాకా రాస్తే ఎన్ని మార్కులు పడతాయో చూపిస్తారు. దిద్దే పనికి వెళ్లొచ్చిన టీచర్‌కు ఈ గుట్టు బాగా తెలుసు, కోచింగ్ సెంటర్లు అమ్మలేని సరుకు అదే. ఫీజు నెలకు ఇంత అని కాకుండా సబ్జెక్టుకు ఇంత అని ముందే మాట్లాడుకుని, సగం మొదటి రోజే తీసుకోవాలి. పిల్లాడు తప్పినా పాసైనా ఆ తర్వాత డబ్బు అడగడానికి మన టీచర్లకు మొహమాటం.

ఇంకో గిరాకీ కొత్తగా వచ్చింది, దీన్ని చాలామంది గమనించలేదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, ఎనిమిదో తరగతి దాకా చెప్పేవాళ్లలో ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలిన టీచర్లు ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నా సరే రెండేళ్లలో టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష, పాసవ్వాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్తున్న సార్లు, మేడమ్‌లు ఇప్పుడు సైకాలజీ, పెడగాజీ పుస్తకాలు తిరగేస్తున్నారు. సర్కారు టీచర్ పోస్టులు భర్తీ చేసే డీఎస్సీ పరీక్ష కోసం ఆ పుస్తకాలను కంఠతా పట్టిన ప్రైవేటు టీచర్లు వరంగల్ లైబ్రరీల నిండా ఉన్నారు. పెద్దవాళ్లకు పాఠం చెప్పాలంటే జంకేదేమీ లేదు, సాయంత్రం పూట ఒక గంట, ఫోన్లోనే గూగుల్ మీట్ పెట్టుకున్నా సరిపోతుంది.

అయితే ఇందులోనే ఒక చిక్కుంది. ప్రైవేటు టీచర్‌కు తన పరీక్ష రాసుకోవడానికి దొరికే తీరిక కూడా ఈ వేసవే. 2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ వచ్చింది, దానికి ముందు టెట్ జరిగింది మే 20 నుంచి. 2025లో టెట్ జూన్‌లో. సెలవులన్నీ సంపాదనకే పోతే చదువు పోయినట్టే, చదువుకే కూర్చుంటే ఇల్లు గడవదు. వయసు ఇరవై ఎనిమిది లోపు ఉండి, ఇంటి నుంచి కొంచెమైనా ఆసరా ఉన్నవాళ్లు ఈ రెండు నెలలు ట్యూషన్ ఒక్క పూటకే పరిమితం చేసుకోవాలని మా అభిప్రాయం. మిగిలినవాళ్లకు మేం చెప్పేంత సులువు కాదని తెలుసు.

పాఠాలు కాని పనులూ ఉన్నాయి, వాటిని చిన్నచూపు చూడాల్సిన అవసరం లేదు. యాసంగి వడ్లు వచ్చేది ఇప్పుడే. మహిళా సంఘాలు నడిపే ఐకేపీ, సొసైటీ కొనుగోలు కేంద్రాల్లో రైతు పేరు, పాసుబుక్కు, ఆధార్, బ్యాంకు ఖాతా తప్పుల్లేకుండా ట్యాబ్‌లో ఎక్కించే మనిషి దొరక్క నిర్వాహకులు తంటాలు పడుతుంటారు, తేమ 17 శాతం దాటిందా లేదా, కాంటా ఎన్ని బస్తాలకు అయింది, లారీ ఏ మిల్లుకు పోయింది అన్నది రాసిపెట్టడానికి చదువుకున్న చెయ్యి కావాలి, ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పితే ఆ రైతు డబ్బుల కోసం నెల తిరుగుతాడు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ మే దాకా సాగుతుంది, అక్కడ అడ్తి (కమీషన్) దుకాణాల్లో తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీలు, రాయడానికి, లెక్కలు చూడటానికి సీజన్ గుమాస్తాలను పెట్టుకుంటారు. ములుగు, భూపాలపల్లి వైపు మే నెలంటే బీడీలు చుట్టే తునికాకు, యాభై ఆకులకో కట్ట, కల్లం దగ్గర కట్టల లెక్క రాసే పని ఆ ఊళ్లలో చదువుకున్నవాళ్లకే దొరుకుతుంది. పెళ్లిళ్ల సీజన్లో మైకు పట్టుకుని రిసెప్షన్ నడిపే తెలుగు మాస్టార్లనూ మేం చూశాం, గొంతు బాగుంటే అదీ ఆదాయమే. పచ్చళ్లు పెట్టి అమ్మే మేడమ్‌లకు ఒక్క మాట, ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐలో పేరు నమోదు చేసుకోండి, చిన్న వ్యాపారాలకు అది పెద్ద తతంగమేమీ కాదు.

యూట్యూబ్ ఛానల్ పెడదామంటారా, పెట్టండి, కానీ ఈ వేసవి కిరాయి దాంతో కట్టొచ్చనుకోకండి. మామూలు వీడియోలతో యాడ్స్ డబ్బులు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వ్యూస్ దాటాలి. అది వచ్చే ఏడాది మాట.

జాగ్రత్త పడాల్సినవి కూడా వేసవిలోనే విరగకాస్తాయి. "ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అన్నవాడు ఎవడైనా మోసగాడే, పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు తీసుకోడు. టెలిగ్రామ్‌లో హోటళ్లకు రేటింగ్ ఇస్తే రోజుకు ఇంత అని మొదట రెండుమూడు వందలు నిజంగానే వేసి, తర్వాత వేలల్లో కట్టించుకుని మాయమయ్యే దందా ఇంకోటి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. చైన్ మార్కెటింగ్ వాళ్లకైతే టీచర్లంటే మహా ఇష్టం, ఎందుకంటే టీచర్ మాట ఊళ్లో నమ్ముతారు. ఆ నమ్మకాన్ని హెర్బల్ పౌడర్ డబ్బాలకు అమ్ముకోకండి.

సర్కారు టీచర్ల గురించి రెండు ముక్కలు. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పొద్దంటుంది, సర్వీసు కాండక్ట్ రూల్స్ వ్యాపారాలు చేయొద్దంటాయి, అయినా భార్య పేరు మీద ఏజెన్సీ, బావమరిది పేరు మీద ప్లాట్ల బేరాలు నడుస్తున్న సంగతి ఎవరికీ తెలియంది కాదు. జీతం వస్తున్న సెలవుల్లో అది సరికాదు. సప్లిమెంటరీ పరీక్షల డ్యూటీ వేస్తే దానికి రెమ్యునరేషన్ ఉంది, సెలవుల్లో చేసిన పనికి ఈఎల్స్ (ఆర్జిత సెలవులు) ఖాతాలో జమ చేసే ప్రిజర్వేషన్ ఉంది, అవి హక్కుగా అడిగి తీసుకోండి. అదే 28వ సెక్షన్‌లో సర్కారు టీచర్, ప్రైవేటు టీచర్ అన్న తేడా రాసిలేదు. జీతం ఎగ్గొట్టిన నెలలో ట్యూషన్ చెప్పుకున్నాడని ఒక ప్రైవేటు టీచర్‌ను నిలదీయడానికి మాత్రం మాకు నోరు రాదు, అధికారులకూ రాకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. జీతం లేని ఈ రెండు నెలలూ ప్రైవేటు టీచర్ ఖాళీగా ఉంటున్నాడా? లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం కరీమాబాద్ గల్లీల్లోనో, పరకాల పక్క పల్లెల్లోనో చూడండి, మెడలో ఐడీ కార్డు, చేతిలో కరపత్రాల కట్ట, తలకు చున్నీయో తువ్వాలో చుట్టుకుని ఇద్దరిద్దరుగా గడప గడపకూ తిరుగుతుంటారు. "అక్కా, మీ బాబు ఏ బడిల సదువుతుండు? ఈయేడు మా బడికి పంపుండ్రి, ఫీజు సార్‌తోని మాట్లాడిపిస్త" అంటారు. ఇంటామె మంచినీళ్లిచ్చి ఆలోచిస్తామంటుంది. టీచర్ నోట్‌బుక్‌లో ఇంటి పెద్ద పేరు, ఫోన్ నంబరు, పిల్లల తరగతి రాసుకుని, సాయంత్రం ఆ పేజీని ఫొటో తీసి ప్రిన్సిపల్‌కు వాట్సాప్ చేయాలి. పది అడ్మిషన్లు తెస్తేనే జూన్‌లో ఉద్యోగం, తేకపోతే చూద్దాం అని ముందే చెప్పి పంపుతారు. పెట్రోలు కూడా సొంత డబ్బే. ఇట్లా తిరిగే మనిషి ఎప్పుడు ట్యూషన్ చెప్పాలి, ఎప్పుడు కొనుగోలు కేంద్రానికి పోవాలి? సంపాదించుకోవడానికి ఉన్న రెండు నెలలనూ యాజమాన్యమే ఊరికే వాడుకుంటోంది. పని చేయించుకున్నప్పుడు అది సెలవు కాదు, జీతం ఇవ్వాలి, అంతే.

మాకూ కరెంటు బిల్లులు, బిల్డింగు కిరాయిలు ఉన్నాయి, తల్లిదండ్రులు వేసవి ఫీజు కట్టరు కదా అని కరస్పాండెంట్లు అంటారు. చిన్న బడ్జెట్ స్కూళ్ల కష్టం నిజమే, అందులో కొందరు అప్పులు చేసి నడుపుతున్నారు, దాన్ని మేం కాదనం. కానీ ఫీజు వసూలు చేసేది పది నెలల పాఠానికి కాదు, విద్యాసంవత్సరానికి. 1994 నాటి ఒకటో నంబరు జీవో ప్రకారం ఫీజుల ఆదాయంలో సగం జీతాలకు పోవాలి, ఇంకో 15 శాతం పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ లాంటివాటికి, యాజమాన్యం తీసుకోగలిగేది 5 శాతం. ఈ లెక్కను గుర్తింపు ఫైళ్లలో ఎవరైనా చూస్తున్నారా? టీచర్ల గ్రాట్యుటీని సుప్రీంకోర్టు 2022లోనే ఖాయం చేసింది, 1997 నుంచీ వర్తిస్తుందని చెప్పింది. ఏప్రిల్‌లో పంపేసి జూన్‌లో కొత్తగా చేర్చుకున్నట్టు కాగితం రాసే అలవాటు వెనుక ఐదేళ్ల సర్వీసు ఎప్పటికీ నిండకూడదన్న ఆశ కూడా ఉందని మా అనుమానం. అందుకే టీచర్లకు చెప్తున్నాం, అపాయింట్‌మెంట్ ఆర్డరు లేకపోతే కనీసం జీతం బ్యాంకు ఖాతాలోనే వేయమని పట్టుబట్టండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి బీరువాలోనూ పెట్టకండి.

2021 ఏప్రిల్‌లో కరోనా దెబ్బకు బడులు మూతపడ్డప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అప్పుడు గుర్తింపు ఉన్న బళ్లలో ఎవరెవరు పనిచేస్తున్నారో, వాళ్ల ఖాతా నంబర్లేమిటో సేకరించారు. అంటే ఈ లెక్క తీయడం సర్కారుకు చేతకాని పనేమీ కాదు. పదో తరగతి తప్పిన పిల్లల కోసం మండలానికో సప్లిమెంటరీ క్లాసుల కేంద్రం పెట్టి, ఎట్లాగూ ఖాళీగా ఉండే జెడ్పీ హైస్కూలు గదుల్లో, జీతం లేని ఈ టీచర్లతో నెల రోజులు గంటల లెక్కన డబ్బిచ్చి చెప్పిస్తే ఎవరికి నష్టం? పిల్లలకు ఫీజు లేని చదువు, టీచర్‌కు మే నెల గడుస్తుంది. వరంగల్, హన్మకొండ కలెక్టర్లు ఒక్క వేసవి చేసి చూడాలి.

ఇక బళ్ల గుర్తింపు రెన్యువల్ ఫైళ్లు ఎప్పుడూ జిల్లా విద్యాధికారి (డీఈవో) ఆఫీసుకు రావాల్సిందే. ఫైర్ ఎన్‌ఓసీ, బిల్డింగ్ ప్లాన్, ఆటస్థలం కొలతలు అన్నీ అడుగుతారు. డీఈవో గారూ, ఆ కాగితాల్లో టీచర్లందరి ఏప్రిల్, మే జీతాల బ్యాంకు స్టేట్‌మెంటు కూడా జతచేయమనండి, లేని ఫైలును వెనక్కి పంపండి.