సాన్‌చీ పొడి చల్లితే ఏ రక్తమైనా ఆగిపోతుందా?

"చైనా వేరు సాన్‌చీ పొడి చిటికెడు చల్లితే ఎంత పెద్ద గాయమైనా క్షణాల్లో మూసుకుంటుంది, రక్తం పలచబడే మాత్రలకి ఇదే విరుగుడు, మూలిక కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ సున్నా, వియత్నాం యుద్ధంలో సైనికులు జేబులో పెట్టుకుని తిరిగారు." ఈ ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది.

వేరు నిజమే. జిన్సెంగ్‌కి దగ్గరి చుట్టం, చైనాలో యునాన్ రాష్ట్రంలోని వెన్‌షాన్ వైపు పండిస్తారు, 16వ శతాబ్దంలోనే చైనా వైద్యుడు లీ షిజెన్ రక్తస్రావానికి మందుగా రాశాడు. ఇందులోని డెన్సిచిన్ అనే పదార్థం రక్తం ఆగడానికి సాయపడుతుందని జంతువుల మీద ప్రయోగాల్లో చూశారు కూడా. కానీ అక్కణ్ణుంచి "ఎంత పెద్ద గాయమైనా" అనేయడమేంటి? ధమని తెగి రక్తం చిమ్ముతుంటే పొడి కొట్టుకుపోతుంది. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి 108కి ఫోన్ చెయ్యాలి, అంతే.

నాకు అసలు భయం వేసింది విరుగుడు అన్న మాటకి. ఈ వేరులోనే సాపోనిన్లు అనే పదార్థాలు ఉంటాయి, అవి రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డుపడతాయి, అందుకే వాటితో తయారుచేసిన షుయెసైతోంగ్ అనే మందుని చైనాలో మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చినవాళ్ళకి ఇస్తారు. అంటే ఒకే వేరు రెండు వైపులా లాగుతుంది. చైనా వైద్యులు కూడా ఇది రక్తాన్ని ఆపుతుంది, గడ్డల్నీ కరిగిస్తుంది అనే చెబుతారు, ఫార్వర్డ్ రాసినాయన సగమే విన్నాడు. రక్తం పలచబడటానికి యాస్పిరినో క్లోపిడోగ్రెలో వార్ఫరినో వేసుకునే పెద్దాయన దీన్ని విరుగుడనుకుని మింగితే రక్తస్రావం ఇంకా పెరిగే ప్రమాదం ఉంది.

ఇక సైడ్ ఎఫెక్ట్స్ సున్నా అట! కందిపప్పులో కల్తీ చేస్తారని మనం తిట్టుకునే కేసరి పప్పు ఉంది చూడండి, రోజూ అదే తింటే కాళ్ళు చచ్చుబడేది దేనివల్లో ఆ పదార్థమూ ఈ డెన్సిచినూ రసాయనంగా ఒకటే. సాన్‌చీ తింటే కాళ్ళు పడిపోతాయని అనట్లేదు, మోతాదు వేరు, కానీ మూలిక అనగానే హాని లేదన్న లెక్క తప్పు. గర్భిణులు జాగ్రత్తగా వాడాలని చైనా ఔషధ ప్రమాణ గ్రంథమే చెబుతోంది.

సైనికుల కథలో చెప్పే మందు ఒట్టి సాన్‌చీ కాదు, యునాన్ బైయావ్. 1902లో ఛూ హువాన్‌జాంగ్ తయారుచేసిన మిశ్రమం, ఫార్ములా ఇప్పటికీ రహస్యమే. అందులో మన వత్సనాభి జాతి విషపు దుంప కూడా ఉంటుంది, ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. లేబుల్ మీద లేని ఆ విషం బయటపడి 2013లో హాంకాంగ్‌లో సరుకు వెనక్కి తీసుకున్నారు. ఫార్వర్డ్‌లో పెట్టిన సీసా ఫొటో సాన్‌చీది కాదు, దీనిదే.